విశ్వవిద్యాలయ అధ్యాపకుల ఆత్మగౌరవం, ఆనందం: భిలాయ్ ఉక్కు పట్టణం

తన విలువ గురించి అధ్యాపకుడు తనలో తాను ఏమనుకుంటాడు, తన బతుకు పట్ల ఎంత తృప్తిగా ఉంటాడు, ఈ రెండింటికీ లంకె ఏమిటి, ఉద్యోగం తీరును బట్టి ఆ లంకె ఎలా మారుతుంది అన్నవి మనోవిజ్ఞానం, విద్యాశాస్త్రం, శ్రామిక సమాజశాస్త్రం కలిసి పరిశీలిస్తున్న ప్రశ్నలు. ఈ వ్యాసం వాటిని ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్-దుర్గ్ జంట పట్టణాల నేపథ్యంలో చర్చిస్తుంది. అధ్యాపకుల మానసిక స్థితి గురించి వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం వ్యక్తి స్వభావంతో మొదలవుతాయి. భిలాయ్‌లో మాత్రం నియామక పత్రంతో మొదలుపెట్టక తప్పదు. పర్మనెంటు ఉద్యోగానికీ ఠేకా (కాంట్రాక్టు) పనికీ మధ్య దూరం ఎంతో ఈ ఊళ్లో బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ దూరం ఇప్పుడు కాలేజీ స్టాఫ్‌రూముల్లోకీ వచ్చింది.

పట్టణం, విద్యాసంస్థలు

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. తొలి సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నులు. దల్లీ-రాజహరా నుంచి ఇనుప ఖనిజం, నందిని నుంచి సున్నపురాయి వచ్చేవి. పనివాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చారు. రాయ్‌పూర్-విజయనగరం రైలు మార్గం అప్పటికే ఉండడంతో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు సెక్టార్ క్వార్టర్లలో స్థిరపడ్డాయి. ఆంధ్ర సాహిత్య సమితి, సెక్టార్ 5లోని బాలాజీ గుడి ఆ వలస నిలబెట్టిన గుర్తులు.

ఉన్నత విద్య కర్మాగారం వెనకే, నెమ్మదిగా వచ్చింది. రాయ్‌పూర్‌లో 1956లో పునాది పడిన గనులు, లోహశాస్త్ర కళాశాల 2005లో ఎన్ఐటీ అయింది. దుర్గ్‌లో ప్రభుత్వ సైన్స్ కళాశాల 1958లో మొదలైంది. అప్పట్లో ఈ ప్రాంతం కాలేజీలకు సాగర్ విశ్వవిద్యాలయమే దిక్కు. 1964లో రాయ్‌పూర్‌లో పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం వచ్చాక ఆ దూరం తగ్గింది. 1986లో దుర్గ్‌లో భిలాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, 2000లో రాష్ట్రం ఏర్పడ్డాక 2005లో స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం, 2015లో దుర్గ్ విశ్వవిద్యాలయం (తర్వాత హేమ్‌చంద్ యాదవ్ పేరు పెట్టారు), 2016లో ఐఐటీ భిలాయ్ వచ్చాయి. ఐఐటీ కొన్నేళ్లు రాయ్‌పూర్‌లోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలో నడిచింది. కుటేలాభాటాలోని సొంత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితం చేశారు.

కాబట్టి ఇక్కడ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు అంటే ఒకే రకం మనిషి కాదు. ఐఐటీ ప్రొఫెసరు, సాంకేతిక విశ్వవిద్యాలయం ఉద్యోగి, ప్రభుత్వ కళాశాలలో యూజీసీ స్కేలు అందుకునే అసిస్టెంట్ ప్రొఫెసరు, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో యాజమాన్యం ఇచ్చినంత తీసుకునే లెక్చరరు, ప్రభుత్వ కాలేజీలోనే పీరియడు లెక్కన పనిచేసే 'అతిథి వ్యాఖ్యాత', జన్‌భాగీదారీ (ప్రజల భాగస్వామ్య) నిధులతో పెట్టుకున్న టీచరు, అందర్నీ పిల్లలు 'సర్' అనే పిలుస్తారు. వీళ్లందర్నీ ఒకే పట్టికలో కూర్చి సగటు తీస్తే ఆ సగటు వీళ్లలో ఎవరి బతుకునూ చెప్పదు.

భావనలు

ఆత్మగౌరవానికి మనోవిజ్ఞానంలో తొలి సూత్రం విలియమ్ జేమ్స్ 1890లో ఇచ్చాడు: మనిషి సాధించినదాన్ని అతడు ఆశించినదానితో భాగిస్తే వచ్చేది అతడి ఆత్మగౌరవం. దాన్ని పెంచుకోవాలంటే ఎక్కువైనా సాధించాలి, తక్కువైనా ఆశించాలి. అధ్యాపకుల విషయంలో ఈ సూత్రం బాగా పట్టి చూపే సంగతి ఒకటుంది. పీహెచ్‌డీ చేయడమంటే ఐదారేళ్లపాటు ఆశను పెంచుకుంటూ పోవడం. ఆ తర్వాత దొరికింది పీరియడు లెక్కన జీతమిచ్చే కొలువైతే భాగహారంలో కింది అంకె అలాగే పెద్దదిగా ఉండిపోతుంది.

మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ఆత్మగౌరవాన్ని తన పట్ల తనకున్న మొత్తం వైఖరిగా నిర్వచించాడు. మార్క్ లియరీ 1990లలో దాన్ని సామాజిక మాపకంగా వివరించాడు: చుట్టూ ఉన్నవాళ్లు మనల్ని ఎంతవరకు తమలో కలుపుకుంటున్నారో లోపల నుంచి చెప్పే సూచిక అది. జాన్ పియర్స్, అతడి సహచరులు 1989లో సంస్థాగత ఆత్మగౌరవం అనే భావనను ముందుకు తెచ్చారు. 'ఈ సంస్థలో నేను లెక్కలోకి వస్తానా, నా మాటకు విలువుందా' అన్నది దాని సారం. అధ్యాపకుల మీద చేసే పరిశోధనకు అన్నింటికన్నా పనికొచ్చేది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇంట్లో, బంధువుల్లో తలెత్తుకుని తిరిగే మనిషి డిపార్ట్‌మెంటు మీటింగులో నోరు విప్పలేని పరిస్థితిని మొత్తం ఆత్మగౌరవ సూచిక పట్టుకోలేదు.

ఆనందాన్ని ఎడ్ డీనర్ 1984 నుంచి మూడు పాయలుగా చూశాడు: సంతోషకరమైన అనుభూతులు ఉండడం, బాధాకరమైనవి తక్కువగా ఉండడం, జీవితం మొత్తం మీద తృప్తి. కరోల్ రిఫ్ 1989లో ఎదుగుదల, స్వయంనిర్ణయం, జీవితానికి ప్రయోజనం వంటి ఆరు అంశాలతో వేరే చట్రం వేసింది. బోధన వృత్తికి రెండో చట్రం బాగా అతుకుతుంది. పరీక్ష పేపర్లు దిద్దే వారంలో ఏ అధ్యాపకుడూ ఉల్లాసంగా ఉండడు, అయినా ఆ పని అర్థం లేనిదని అనుకోడు.

ఆనందాన్ని లెక్కగట్టే ప్రయత్నం మన సంప్రదాయంలో చాలా పాతది. తెలుగునాట ఎక్కువగా అధ్యయనంలో ఉన్న తైత్తిరీయ శాఖ ఉపనిషత్తులో ఆనందవల్లి ఒక ప్రమాణాన్ని చెబుతుంది: యువకుడు, సజ్జనుడు, బాగా చదువుకున్నవాడు, దృఢమైనవాడు, సంపదతో నిండిన భూమంతా తనదైనవాడు పొందే ఆనందం ఒక మానుషానందం. అక్కణ్నుంచి నూరేసి రెట్లు పైకి వెళ్తూ, ఆ మెట్ల మీది ఆనందం కోరికల దెబ్బ తగలని శ్రోత్రియుడికీ ఉందంటుంది. ఈ భాగాన్ని అడ్డం పెట్టుకుని గురువుకు తృప్తే ధనం అని బోధించేవాళ్లు, అదే ఉపనిషత్తులో ముందున్న శిక్షావల్లిని చదవాలి. అక్కడ ఆచార్యుడు తనకు బట్టలు, ఆవులు, అన్నపానాలు ఎప్పుడూ ఉండాలని కోరుకుంటాడు. శిష్యులు అన్ని దిక్కుల నుంచీ తన దగ్గరికి రావాలంటాడు. జనంలో కీర్తి కావాలంటాడు. జీవిక, విద్యార్థులు, గుర్తింపు మూడూ ఒకే ప్రార్థనలో ఉన్నాయి. జర్మన్ సమాజశాస్త్రవేత్త యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ప్రతిపాదించిన శ్రమ-ప్రతిఫల అసమతుల్యత నమూనాలోనూ ప్రతిఫలం అంటే డబ్బు, గౌరవం, ఉద్యోగ భద్రత. శ్రమ ఎక్కువై ఈ మూడూ తక్కువైన చోట ఆరోగ్యం చెడుతుందన్నది అతడి వాదం.

కొలత సాధనాలు, వాటి పరిమితులు

భారతీయ విశ్వవిద్యాలయాల్లో ఈ అంశం మీద పరిశోధన చేసేవారు సాధారణంగా వాడే ఆత్మగౌరవ సాధనం రోజెన్‌బర్గ్ స్కేలు. ఇందులో 10 వాక్యాలు ఉంటాయి. సగం తన గురించి మంచిగా చెప్పుకునేవి, సగం చెడ్డగా చెప్పుకునేవి. ప్రతి వాక్యానికీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఆనందానికి పీటర్ హిల్స్, మైకేల్ ఆర్గైల్ 2002లో ప్రచురించిన 29 ప్రశ్నల ఆక్స్‌ఫర్డ్ ప్రశ్నావళి, సోన్యా ల్యూబోమిర్‌స్కీ, హైడీ లెప్పర్ 1999లో తయారుచేసిన 4 ప్రశ్నల స్కేలు, డీనర్ బృందం 1985లో ఇచ్చిన 5 వాక్యాల జీవిత తృప్తి స్కేలు వాడుకలో ఉన్నాయి.

రోజెన్‌బర్గ్ స్కేలులో ఒక వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. తన మీద తనకు మరింత గౌరవం ఉంటే బాగుండునని అనిపిస్తోందా అన్నది దాని భావం. స్కేలు ప్రకారం అవునంటే మార్కులు తగ్గుతాయి. కానీ సెక్టార్ 6లో పెరిగి, తాను ఇంకా ఎదగాలని నమ్మే అధ్యాపకురాలు ఈ వాక్యానికి నిస్సంకోచంగా అవునంటుంది. ఆమె దృష్టిలో అది సంస్కారం. పాశ్చాత్యేతర సమాజాల్లో ఈ వాక్యం మిగతావాటితో సరిగా పొసగడం లేదని పరిశోధకులు పదేపదే గమనించారు. డేవిడ్ ష్మిట్, యూరీ అల్లిక్ 2005లో 53 దేశాల సమాచారాన్ని పరిశీలించి, వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాలను అన్ని సంస్కృతుల వారూ ఒకేలా అర్థం చేసుకోరని చూపించారు. మన ఇళ్లలో స్వోత్కర్షను తప్పుగా చూస్తారు. తాను విలువైన మనిషినని గట్టిగా ఒప్పుకునే గడిలో టిక్కు పెట్టడానికి చెయ్యి రానివాళ్లు తమను తాము తక్కువ చేసుకుంటున్నారని తేల్చేయకూడదు.

ఎడ్ డీనర్, మారిస్సా డీనర్ 1995లో 31 దేశాల కాలేజీ విద్యార్థులతో చేసిన అధ్యయనం ఈ రంగంలో మైలురాయి. ఆత్మగౌరవానికీ జీవిత తృప్తికీ మొత్తం మీద గట్టి సంబంధమే కనిపించింది. అయితే వ్యక్తికి ప్రాధాన్యమిచ్చే దేశాల్లో ఆ సంబంధం ఎక్కువ, కుటుంబానికీ సమూహానికీ ప్రాధాన్యమిచ్చే దేశాల్లో తక్కువ. అతి బలహీనమైన సంబంధం కనిపించిన బృందాల్లో భారతీయ విద్యార్థినులు ఉన్నారు. రాయ్ బౌమైస్టర్ బృందం 2003లో అప్పటివరకూ వచ్చిన పరిశోధనను జల్లెడ పట్టి, ఆత్మగౌరవం, ఆనందం కలిసి ఉంటాయన్నది నిజమే కానీ మొదటిది రెండోదానికి కారణమని నిరూపణ కాలేదని చెప్పింది. భిలాయ్‌లో గానీ వరంగల్‌లో గానీ వందమందికి రెండు ప్రశ్నావళులు పంచి, సహసంబంధ గుణకం లెక్కగట్టి, ఆత్మగౌరవం పెంచితే ఆనందం పెరుగుతుందని సిఫారసు చేసే థీసిస్ ఈ హెచ్చరికను దాటి పోతోంది. మూడో కారణం ఏదైనా రెండింటినీ ఒకేసారి పైకి లేపుతూనో కిందికి లాగుతూనో ఉండవచ్చు. భిలాయ్‌లో ఆ మూడో కారణం కంటికి కనిపిస్తుంది.

నౌకరీ, కామ్

బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయ్‌లో క్షేత్ర పరిశోధన చేసి 2020లో 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే గ్రంథం ప్రచురించాడు. భిలాయ్ శ్రామికుల్లో అసలు గీత 'నౌకరీ'కీ 'కామ్'కూ మధ్య ఉందన్నది అందులో ముఖ్య వాదం. నౌకరీ అంటే భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పర్మనెంటు కొలువు: క్వార్టరు, సెక్టార్ 9 ఆసుపత్రిలో వైద్యం, పిల్లలకు కంపెనీ బడి, తీసేస్తారన్న భయం లేని డ్యూటీ. కామ్ అంటే ఠేకేదారు పిలిస్తే ఉండే పని. ఒకే షాపులో పక్కపక్కన పనిచేసే ఇద్దరి మధ్య జీతంలోనూ, సేఫ్టీ బూట్లలోనూ, పిల్లల పెళ్లి సంబంధాల్లోనూ ఈ గీత ఉంటుంది. ఠేకా కార్మికుల హక్కుల కోసం పోరాడిన శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబరు 28న ఈ ఊళ్లోనే చంపారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కర్మాగారంలో పర్మనెంటు సిబ్బంది సంఖ్య 1980ల చివరి స్థాయిలో సగానికన్నా దిగువకు పడిపోయింది. ఉత్పత్తి మాత్రం పెరిగింది.

ప్యారీ రాసిన మరో పరిశోధన వ్యాసం, 2012 నాటిది, భిలాయ్‌లో పెరిగిన ఆత్మహత్యల గురించి. ఎక్కువ హాని జరుగుతున్నది అతి పేద కూలీల ఇళ్లలో కాదని, భద్రమైన కొలువున్న కార్మిక కుటుంబాల్లోనని, ముఖ్యంగా తండ్రి స్థాయిని అందుకోలేకపోతున్న తరంలోనని అది చెబుతుంది. విలియమ్ జేమ్స్ భాగహారం ఇక్కడ గుండెలు పిండే రూపంలో కనిపిస్తుంది. తండ్రి పదో తరగతి చదివి క్రేన్ నడిపి క్వార్టరు సంపాదించాడు. కొడుకు ఎంటెక్ చేసి, నెట్ పాసై, పీరియడు లెక్కన పాఠం చెబుతున్నాడు. ఇంట్లో ఎక్కువ చదివింది కొడుకు, నౌకరీ ఉన్నది తండ్రికి.

అతిథి అధ్యాపకుల వేతనాన్ని 2019 జనవరిలో యూజీసీ పీరియడుకు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 రూపాయలు అని నిర్ణయించింది. అదే అర్హతతో పర్మనెంటుగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసరుకు ఏడో వేతన సవరణలో మూలవేతనమే 57,700 రూపాయలు, దానిపైన కరువు భత్యం, ఇంటద్దె. అతిథికి గరిష్ఠం అందాలంటే నెలకు 34 పీరియడ్లు దొరకాలి. దసరా, దీపావళి సెలవులు, సెమిస్టరు పరీక్షలు వచ్చిన నెలలో అవి దొరకవు. ఎండాకాలంలో పీరియడ్లే ఉండవు. సెలవులొచ్చాయంటే పిల్లలకు సంతోషం, పర్మనెంటు సారుకు విశ్రాంతి, అతిథి సారుకు అప్పు.

పెళ్లి సంబంధాల మాటల్లో ఇది మరీ సూటిగా బయటపడుతుంది. భిలాయ్ తెలుగు ఇళ్లలో అబ్బాయి లెక్చరరని చెప్పగానే వచ్చే రెండో ప్రశ్న 'పర్మనెంటేనా?' అన్నది. సబ్జెక్టేమిటని ఆ తర్వాత అడుగుతారు, అడిగితే. ఆత్మగౌరవం సామాజిక మాపకమన్న లియరీ సిద్ధాంతానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ మరో ఉక్కు నగరమైన పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి రాసిన పుస్తకం సరిగ్గా భిలాయ్‌లో మొదటి ఫర్నేస్ వెలిగిన 1959లోనే వచ్చింది. జీతం, భద్రత లేకపోతే అసంతృప్తి పుడుతుంది, కానీ అవి ఉన్నంత మాత్రాన తృప్తి పుట్టదు, తృప్తినిచ్చేది పనిలో సాధన, గుర్తింపు అని అతడి సిద్ధాంతం. దాన్ని యాజమాన్యాలు ఇష్టంగా ఉటంకిస్తాయి. వాక్యంలో మొదటి సగాన్ని మాత్రం వదిలేస్తాయి.

పాయింట్లు, పత్రాలు

పర్మనెంటు కొలువున్నవారికి వేరే బరువు ఉంది. 2010 యూజీసీ నిబంధనలు పదోన్నతికి ఏపీఐ అనే పాయింట్ల పద్ధతి తెచ్చాయి. బోధన, ఇతర కార్యకలాపాలు, పరిశోధన మూడింటికీ అంకెలు. 2018 నిబంధనలు దాన్ని సడలించినా పరిశోధనకు పాయింట్లు మిగిలాయి. ఫలితంగా డబ్బు తీసుకుని ఏదైనా అచ్చు వేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. వాటిని అరికట్టడానికి యూజీసీ మొదట ఆమోదిత జాబితా, తర్వాత కేర్ జాబితా పెట్టి, 2025లో ఆ జాబితాను కూడా నిలిపేసింది. సగం సర్వీసు ఒక జాబితాను నమ్ముకుని వ్యాసాలు రాసినవారికి అది ఇక లేదని తెలియడం చిన్న దెబ్బ కాదు.

జెన్నిఫర్ క్రాకర్, కోనీ వుల్ఫ్ 2001లో ఆత్మగౌరవం ఎంత ఉందన్నదాని కన్నా దేనిమీద ఆధారపడి ఉందన్నది ముఖ్యమని వాదించారు. ఇతరుల మెప్పు, గెలుపు, హోదా మీద నిలబెట్టుకున్న ఆత్మగౌరవం ప్రతి ఫలితంతోనూ ఊగుతుంది. ఏపీఐ ఫారం నింపే అధ్యాపకుడి విలువ ఆ ఏడాది మొత్తంలో వచ్చిన అంకెతో ముడిపడుతుంది. తరగతిలో వెనక బెంచీ పిల్లవాడికి థర్మోడైనమిక్స్ రెండో నియమం తలకెక్కేలా చెప్పినందుకు ఆ ఫారంలో గడి లేదు. ఏ పనిలో ఆనందం దొరుకుతుందో ఆ పనికి గుర్తింపు లేదు. దేనికి గుర్తింపు ఉందో అది చాలామందికి ఆనందం ఇవ్వడం లేదు. ఆత్మగౌరవాన్నీ ఆనందాన్నీ రెండు దారుల్లోకి నెట్టే ఏర్పాటు ఇది.

భిలాయ్‌కు ప్రత్యేకమైన మరో పోలిక కోచింగ్. ఐఐటీ ప్రవేశ పరీక్షకు పిల్లల్ని తయారుచేసే ఊరిగా భిలాయ్‌కు పేరుంది. మంచి కోచింగ్ టీచరు సంపాదన కాలేజీ లెక్చరరు జీతాన్ని దాటిపోతుంది. ర్యాంకు వచ్చిన పిల్లవాడి ఫొటో పక్కన ఫ్లెక్సీలో ఉండేది కోచింగ్ సారే. ఇక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో సీట్లు మిగిలిపోతున్న ఏళ్లలో అధ్యాపకులే అడ్మిషన్ల కోసం ఇళ్లకు తిరగాల్సి వస్తోంది. కంప్యూటర్ బ్రాంచీల వైపు గాలి మళ్లాక మెకానికల్, మెటలర్జీ విభాగాల్లో వర్క్‌లోడు తగ్గింది. రైలు పట్టాలు తయారుచేసే ఊళ్లో లోహశాస్త్రం చెప్పే మనిషి పిల్లల్లేని తరగతి ముందు నిలబడడం బాధాకరమైన దృశ్యం.

మహిళా అధ్యాపకులు

ఆర్లీ హోక్‌షీల్డ్ 1989లో ఉద్యోగినుల ఇంటిపనిని రెండో షిఫ్టు అంది. ఉక్కు పట్టణంలో షిఫ్టు అన్నమాట నిత్యజీవితంలోనిదే. భర్త రాత్రి డ్యూటీ దిగి పగలు నిద్రపోయే వారంలో ఇల్లు సద్దుమణిగి ఉండాలి. పిల్లల్ని బడికి పంపి, వంట ముగించి, తొమ్మిదిన్నరకు కాలేజీలో ఉండాల్సిన లెక్చరరు పాఠం ఎప్పుడు చదువుకోవాలన్నది ఆ ఇంట్లో రోజూ తేల్చుకోవాల్సిన లెక్క. పీహెచ్‌డీ పూర్తికాకపోవడానికి స్కేళ్లలో కొలిచే ఆత్మవిశ్వాసలేమి కన్నా ఈ గంటల కొరతే బలమైన కారణం.

పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో బాగా రాణించిన మహిళల్లో తాము ఈ స్థానానికి తగమన్న భయం గమనించి దాన్ని బూటకపు భావనగా వర్ణించారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన ఆడపిల్ల విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే స్థాయికి వచ్చినప్పుడు ఈ భయం ఉండడం సహజం. అయితే భిలాయ్ పక్కనున్న గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్ బాయి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. బడికి వెళ్లని ఆమె పండవానీ కథాగానంతో ప్రపంచం చుట్టింది, భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసింది. 2003లో బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డి.లిట్. ఇచ్చింది. 2019లో పద్మవిభూషణ్ అందుకుంది. ఆమెకు కళ ఇచ్చిన స్థైర్యం ఉంది, కర్మాగారం ఇచ్చిన నౌకరీ కూడా ఉంది.

రెండూ కలవని సందర్భాలు

ఆత్మగౌరవం నిలబెట్టుకోవడానికి ఆనందాన్ని వదులుకున్న అధ్యాపకులు చరిత్రలో ఉన్నారు. స్కేళ్లు వీరిని పట్టుకోలేవు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడినప్పుడు తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి, బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో పదవికి రాజీనామా చేశారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ బాధ్యత చూశారు. కట్టమంచి 1936లో తిరిగి వచ్చి 1949 దాకా కొనసాగారు. పదవి వదులుకున్నవాడికి ఆ పదవే మళ్లీ దక్కడం ఆయన విషయంలో జరిగింది.

భిలాయ్‌కు దగ్గర్లోని రాజ్‌నంద్‌గావ్‌లో అలా జరగలేదు. హిందీ కవి గజానన్ మాధవ్ ముక్తిబోధ్ 1958లో అక్కడి దిగ్విజయ్ కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. అంతకుముందు బడులు, పత్రికలు, చిన్న కొలువులు మారుతూ పేదరికంలో గడిచిన జీవితానికి అది తొలి నిలకడ. ఆయన గొప్ప కవితలు కొన్ని ఆ ఊళ్లో రూపుదిద్దుకున్నాయి. భారతదేశ చరిత్ర, సంస్కృతి మీద ఆయన రాసిన పాఠ్యపుస్తకాన్ని మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1962లో నిషేధించింది. ఆ దెబ్బ నుంచి ఆయన తేరుకోలేదు. 1964 సెప్టెంబరు 11న మరణించారు. మొదటి కవితా సంపుటి ఆయన పోయాకే వెలువడింది. నిలకడైన ఉద్యోగం ఉండి, రాసే తీరిక ఉండి, పనికి గుర్తింపు బదులు అవమానం ఎదురైతే ఏమవుతుందో ఆ ఆరేళ్లు చెబుతాయి. ఆయన ప్రభావంలో పెరిగిన రాజ్‌నంద్‌గావ్ రచయిత వినోద్ కుమార్ శుక్లా రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, ఎవరికీ పెద్దగా కనిపించకుండా రాసుకుంటూ, 2024 సంవత్సరపు జ్ఞానపీఠ్ అందుకున్నారు. ఒకే నేల, ఒకే వృత్తి, వేర్వేరు ఫలితాలు.

చర్యలు

అధ్యాపకుల శిక్షణకు యూజీసీ 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కళాశాలలు నడిపింది. తర్వాత అవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి, ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలుగా పనిచేస్తున్నాయి. ఒత్తిడి నిర్వహణ, యోగా, విలువల విద్య వీటి కార్యక్రమాల్లో ఉంటాయి. పొరుగున మధ్యప్రదేశ్ 2016లో ఏకంగా ఆనంద శాఖనే ఏర్పాటు చేసింది. వీటివల్ల కొందరికి మేలు జరుగుతుంది. నలుగురు సహోద్యోగులు పది రోజులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడమే ఒక ఊరట. కానీ జీతం నెలనెలా రాని మనిషికి ప్రాణాయామం నేర్పి పంపడం సమస్యను అతడి ఊపిరితిత్తుల్లోకి నెట్టడం అవుతుంది.

చట్టం దగ్గర ఇంతకన్నా గట్టి మందు ఉంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. వారికిచ్చే వేతనం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసరు నెల జీతానికి తగ్గకూడదు. ఈ రెండు వాక్యాలు అమలైతే ఆత్మగౌరవ స్కేళ్ల మీద మార్కులు వాటంతట అవే మారతాయని ఈ వ్యాసకర్త నమ్మకం. 2025 జనవరిలో విడుదలైన ముసాయిదా నిబంధనలు ఆ 10 శాతం పరిమితిని తొలగించాలని ప్రతిపాదించాయి. అదే ఏడాది ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో సుప్రీంకోర్టు, నెలకు 30,000 రూపాయలతో వారితో పనిచేయించుకోవడాన్ని తప్పుపట్టింది. సభల్లో గురువును బ్రహ్మ, విష్ణువు అని స్తుతించినంత మాత్రాన సరిపోదని, ఆ మాట మీద నమ్మకముంటే అది వారితో వ్యవహరించే తీరులో కనిపించాలని చెప్పి, అసిస్టెంట్ ప్రొఫెసరు స్కేలులో కనీస వేతనం చెల్లించాలని ఆదేశించింది. అదే అర్హతతో, అదే సిలబస్ చెబుతున్న అధ్యాపకులు దుర్గ్, రాజ్‌నంద్‌గావ్, శ్రీకాకుళం, ఆదిలాబాద్ కాలేజీల్లోనూ ఉన్నారు.